శ్మశానాల రిజిస్టరూ చంద్రకాంత్ గారూ

శ్రీ తొగుట చంద్రకాంత్ గారు 1989 ఆగస్టు 17, గురువారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు మన మెదక్ పురపాలక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా విధుల్లో చేరారు. ఆ అయిదు నిమిషాల ఆలస్యానికి కారణాన్ని హాజరు పట్టీలో ఆయనే స్వహస్తాలతో రాసుకున్నారు: ‘శివ్వంపేట నుంచి వచ్చు బస్సు నర్సాపూర్‌లో టైరు మార్చుకున్నది.’ ఆ సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగకముందే నిజం రాసిపెట్టే ఆ అలవాటు ముప్పై ఆరేళ్ల ఏడు నెలల పాటు చెక్కుచెదరకుండా సాగి, ఈ మార్చి 31న వారితో పాటు మన కార్యాలయం మెట్లు దిగిపోతున్నది.

చేరిన నాటి నుంచి తొమ్మిదేళ్లు వారు జనన మరణాల విభాగంలో పనిచేశారు. పుట్టినవాళ్ల పుస్తకం ఎడమ చేతి వైపు, పోయినవాళ్ల పుస్తకం కుడి చేతి వైపు ఉండేవి. మధ్యలో చంద్రకాంత్ గారు. బిడ్డ పుట్టిందని సంబరంగా వచ్చినవాళ్లకూ, తండ్రి పోయాడని బిక్కమొహంతో వచ్చినవాళ్లకూ ఆయన ఒకే గ్లాసులో నీళ్లిచ్చి, ఒకే కుర్చీ చూపించి, ఒకే దస్తూరీతో పత్రం రాసిచ్చేవారు. 1998లో సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది కొన్నేళ్లు ఇంటి పన్నుల విభాగంలో ఉన్నారు. కానీ అక్కడ బతికున్నవాళ్లంతా ఏదో ఒకటి దాస్తున్నారని ఆయనకు మనసొప్పలేదు. 2009లో స్వయంగా కోరుకుని పాత విభాగానికే తిరిగి వచ్చారు. 2013లో సూపరింటెండెంటు అయ్యారు. మెదక్ పెరిగి, చుట్టూ ఉన్న పొలాలు కాలనీలుగా మారడం మొదలయ్యాక, శ్మశానాల రిజిస్టరు వారి బల్ల మీదికి వచ్చింది.

ఆ రిజిస్టరు గురించి నాలుగు మాటలు చెప్పకపోతే చంద్రకాంత్ గారి గురించి చెప్పినట్టు కాదు.

చట్టం దృష్టిలో చనిపోయినవాళ్లంతా సమానమే కానీ, పూడ్చే స్థలాలు సమానం కావు. మన రిజిస్టరులో మూడు కాలమ్‌లు ఉంటాయి. మొదటిది ప్రజా శ్మశానం. అక్కడ పూడ్చుకునే హక్కు ప్రజలందరిదీ. కాదనే అధికారం ఎవరికీ లేదు. రెండోది ప్రైవేటు శ్మశానం. ఒక కుటుంబమో, ఒక సంఘమో లైసెన్సు తీసుకుని తమవాళ్లను పెట్టుకునే చోటు. మూడోది మూసివేసిన శ్మశానం. పడుకున్నవాళ్లు పడుకునే ఉంటారు, కొత్తవాళ్లు రాకూడదు. అది శ్మశానవాటికా, ఖబ్రస్తానా, క్రైస్తవుల సమాధుల తోటా అన్నది ఆ తరువాతి సంగతి. ‘ఏ దేవుడని చట్టం అడగదు, ఎవరికి హక్కని అడుగుతుంది’ అని చంద్రకాంత్ గారు కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేవారు. ఇక ఈ మూడింటిలోనూ చేరని చోటు ఏదైనా ఉంటే అది పొలమో, ప్లాటో, పెరడో అవుతుంది తప్ప శ్మశానం కాదు.

ఈ మూడు కాలమ్‌లలో ఒక్క అక్షరం రాయాలన్నా చంద్రకాంత్ గారు జేబులో టేపు వేసుకుని బయలుదేరేవారు. ‘అడుగు పెట్టని చోట అక్షరం పెట్టొద్దు’ అన్నది ఆయన సూత్రం. ముళ్లకంపల్లో, పాముల పుట్టల పక్కన, నడుం లోతు గడ్డిలో నిలబడి ఆయన సమాధులు లెక్కపెడుతుంటే, అటుగా పోయేవాళ్లు ‘సారు ఎవర్నో వెతుకుతున్నడు’ అని జాలిపడేవారు. వారి సతీమణి శ్రీమతి అరుణ గారు ఒకసారి నాతో అన్నారు: “రఘుపతి గారూ, వేరేవాళ్ల భర్తలు ఆఫీసు నుంచి ఫైళ్లు మోసుకొస్తరు. ఈయన ప్యాంటుకు పల్లేరుకాయలు మోసుకొస్తడు.”

అటువంటి మనిషి తన సర్వీసులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అడుగు పెట్టకుండా అక్షరం పెట్టారు. ఆ కథ ఈ వీడ్కోలు సంచికలో రాయాలని వారే పట్టుబట్టారు. ‘పొగడ్తలు మీరు రాస్తరు, తప్పు కూడా మీరే రాయుండ్రి, లేకుంటే లెక్క సరిపోదు’ అన్నారు. ఆ రోజు వారి బండి వెనక కూర్చున్నవాణ్ణి కనుక, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

గత ఏడాది జూన్‌లో శ్మశానాల వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలని ఉత్తర్వు వచ్చింది. గడువు వారం. చంద్రకాంత్ గారు అయిదు రోజుల్లో పట్టణమంతా తిరిగారు. ఆరో రోజు సాయంత్రం, హవేలిఘనపూర్ వైపు రోడ్డు మలుపులో, జోరున వాన. రోడ్డుకు నలభై గజాల లోపల, పొలం మధ్యలో ఒక కొత్త సమాధి కనబడింది. నల్లరాతి బండ, పాలరాతి పలక, పలక మీద మీసాల పెద్దమనిషి ఫొటో. మడిలో నీళ్లు నిండి ఉన్నాయి. అడుగు పెడితే మోకాలి దాకా దిగుతుంది. సమాధి మీద గొడుగు వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆ గొడుగు కింద ముఖం సరిగా కనబడలేదు. చంద్రకాంత్ గారు రోడ్డు మీద నుంచే కేకేసి అడిగారు.

“ఎవరిది పెద్దాయనా, గీ సమాధి?”

“వీరయ్యది సార్!”

“పొలం ఎవరిది?”

“గది గూడ వీరయ్యదే!”

“పిల్లలున్నరా?”

“ఇద్దరు బిడ్డలు సార్. లగ్గాలైనయి.”

“అయ్యో పాపం.”

“పాపమేంది సార్, మంచి సంబంధాలే!”

చంద్రకాంత్ గారు పలకరింపు ముగించి, తడవని జేబులో నుంచి కాగితం తీసి, ‘పట్టాదారు వీరయ్య, మృతుడు, సమాధి ఒకటి’ అని రాసుకున్నారు. సర్వే నంబరు, రెండెకరాల పది గుంటల విస్తీర్ణం ఆఫీసు రికార్డుల్లో చూసుకున్నారు. మర్నాడు కంప్యూటరులో ఎక్కించేటప్పుడు రెండో కాలమ్ కింద పెట్టాలనుకుని, లైసెన్సు ఉందో లేదో కనుక్కున్నాక పెడదామని ఆ గడి ఖాళీగా వదిలేశారు. మనం ఖాళీ వదిలితే కంప్యూటరు వదలదు. వరుసలో మొదట ఉన్నదాన్ని తనంతట తనే నింపుకుంటుందని ఆయనకు తెలియదు. వీరయ్య గారి రెండెకరాల పది గుంటల వరి పొలం ఆ విధంగా, ఎవరూ అనుకోకుండా, ప్రజా శ్మశానం అయిపోయింది.

రెండు నెలలు గడిచాయి. ఆగస్టు రెండో వారంలో ఒక మంగళవారం, ఉదయం పదకొండింటికి మన వార్డు అధికారి మహేష్ ఫోన్ చేశాడు.

“సార్, రాళ్లకుంట కాలనీల బాలమణమ్మ సచ్చిపోయింది. ట్రాలీల తీస్కపోతున్నరు.”

“ఏడికి? ఆ కాలనీ శ్మశానం మూసేసినం గద.”

“అందుకే సార్, మన కంప్యూటర్ల చూసుకున్నరు. మీరు రాసిన హవేలిఘనపూర్ రోడ్డు సర్వే నంబర్‌కే. ఆడ ఎవరో ముసలాయన కట్టె పట్టుకొని అడ్డం నిలవడ్డడట.”

“ఏ ముసలాయన?”

“వీరయ్య అంట సార్.”

చంద్రకాంత్ గారు ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి దాని వంక చూశారు. తరువాత టేపు జేబులో వేసుకుని, “రఘుపతీ, బండెక్కు” అన్నారు.

మేం వెళ్లేసరికి పొలం గట్టు పక్కన ట్రాలీ ఆగి ఉంది. ట్రాలీలో పాడె మీద బాలమణమ్మ గారు. పక్కన ఆమె ఒక్కగానొక్క కూతురు యశోద. తల్లి ముఖం మీద ఈగ వాలకుండా కొంగుతో విసురుతూ, ఈ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు కూర్చుని ఉంది. గట్టు మీద నలభై మంది కాలనీవాళ్లు. వాళ్ల ముందు కాలనీ పెద్దమనిషి పరమేశ్, చేతిలో కంప్యూటరు నుంచి తీయించిన కాగితం. అవతల సమాధికి వీపు ఆనించి, గుతపకర్ర పట్టుకుని, పలక మీది ఫొటోలో ఉన్న ముఖంతోనే నిలబడి ఉన్న డెబ్భై ఎనిమిదేళ్ల వీరయ్య గారు. ఆయన పక్కన భార్య ఆగమ్మ, కొడవలితో.

చంద్రకాంత్ గారు ఫొటో చూశారు. మనిషిని చూశారు. మళ్లీ ఫొటో చూశారు.

“మీరు ఎవరు?”

“వీరయ్యను సార్.”

“ఏ వీరయ్య?”

“గా ఫొటోల ఉన్నోన్ని! నా సమాధి నేను కట్టుకున్న. సచ్చినంక బిడ్డలు అల్లుండ్లు ఎట్ల గడ్తరో ఏమో అని ముందే కట్టుకున్న. తప్పా?”

“తప్పు కాదు. వానల అడిగితే వీరయ్యది అన్నరు గద?”

“మరి నాది గాకుంటె ఎవరిదంట?”

పరమేశ్ ముందుకొచ్చాడు.

“సార్, గివన్నీ మాకెందుకు. ప్రజా శ్మశానం అని మీరే రాసిండ్రు, గిదిగో. మేం ప్రజలం గాదా?”

“మీరు ప్రజలే. ఇది శ్మశానం అవునా కాదా అన్నదే చూడాలె. ఒక్క శవమన్నా పూడ్చి ఉంటేనే పూడ్చిన స్థలం అయితది. ఖాళీ సమాధి కట్టుకుంటే శ్మశానం గాదు. అది గోడలే. రాత నాది, తప్పు నాది. ఐదుగురి ముందట బండ తీసి చూస్త, ఖాళీ అని పంచనామా రాస్త. అయిపోతది. బండ తియ్యుండ్రి.”

అంతవరకు ‘ఖాళీ సమాధి, ఖాళీ సమాధి’ అని ఊరంతా వినబడేలా అరుస్తున్న వీరయ్య గారు ఒక్కసారిగా కర్ర పారేసి, ఎగిరి బండ మీద కూర్చున్నారు.

“తియ్యొద్దు!”

“ఎందుకు?”

“ఎందుకంటె... మంచిది గాదు.”

నలభై మంది ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లోపల ఏమీ లేదన్న మనిషి, చూడనివ్వడం లేదు. పరమేశ్ గొంతు తగ్గింది.

“తాతా, నిజం జెప్పు. లోపల ఎవరున్నరు?”

“ఎవరు లేరు!”

“మరి తీస్తె ఏమైతది?”

వీరయ్య గారు బండ అంచును రెండు చేతులతో పట్టుకున్నారు. అప్పుడు ఆగమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. యాభై ఏళ్ల కాపురంలో ఆయన్ని ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూసింది.

“మా తమ్ముడు దామోదర్ ఉగాదికి వచ్చిండు. నీతోని లొల్లి వెట్టుకున్నడు. మల్ల నాకు కనవడలే.”

“నీ యవ్వ, నీ తమ్ముని నేనేం జేస్తనే!”

“అయితె దిగు.”

“దిగ.”

ఎవరో ‘పోలీసులకు ఫోన్ కొట్టుండ్రి’ అన్నారు. ఇక్కడ చంద్రకాంత్ గారికి వచ్చిన చిక్కు ఎటువంటిదో పాఠకులు గమనించాలి. లోపల శవం ఉంటే, పై అధికారి ఉత్తర్వు లేకుండా సమాధి తెరవడం నేరం. శవం లేకపోతే ఏ ఉత్తర్వూ అవసరం లేదు. ఉందో లేదో తెలియాలంటే తెరవాలి. ట్రాలీ మీద ఎండ ఎక్కుతోంది. కొంగు విసురుతున్న యశోద చేయి ఆగింది.

ఆగమ్మ చెంగులో నుంచి ఫోన్ తీసి తమ్ముడి నంబరు నొక్కింది. నలభై మంది ఒకేసారి సమాధి వైపు చెవులొగ్గారు. నేను కూడా ఒగ్గానని ఒప్పుకుంటున్నాను. రింగు పోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లోపల నుంచి ఏ చప్పుడూ రాలేదు. అయిదో రింగుకు ఫోన్‌లో మనిషి గొంతు పలికింది.

“ఏందక్కా?”

“బతికే ఉన్నవార?”

“ఉన్నక్కా. కామారెడ్డిల ఉన్న. ఏమైంది?”

“ఏం గాలె. వెట్టెయ్.”

దామోదర్ బతికే ఉన్నాడు. అయితే లోపల ఎవరు?

అప్పటికి చంద్రకాంత్ గారు వీరయ్య గారి వంక చూడడం మానేసి, పొలం వంక చూస్తున్నారు. చుట్టూ ఉన్న మడులన్నీ పాలిపోయి, పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. ఆ నెలలో యూరియా దొరకక రైతులు సొసైటీల ముందు తెల్లారకుండానే చెప్పులు వరుసలో పెట్టి నిలబడుతున్న సంగతి మనందరికీ తెలిసిందే. వీరయ్య గారి రెండెకరాల పది గుంటలు మాత్రం చిలక రెక్కలా పచ్చగా ఊగుతోంది. శివ్వంపేట రైతు బిడ్డ అయిన చంద్రకాంత్ గారు వంగి, బండ అంచున సందులో ఇరుక్కున్న రెండు తెల్లటి గుళికలను వేలితో తీసి చూసుకున్నారు. తరువాత వీరయ్య గారి చెవి దగ్గరికి వెళ్లి అతి మెల్లగా అడిగారు.

“ఎన్ని బస్తాలు?”

వీరయ్య గారి మీసాలు కిందికి జారాయి.

“మెల్లగ సార్... ఏడు.”

“ఇంట్ల ఎందుకు పెట్టలే?”

“ఇంట్ల వెడ్తె గిది ఊరందరికి చెప్తది సార్” అని భార్య వైపు కళ్లతో చూపించారు. “పోయిన యేడు మిగిలినయి. మల్ల దొరకదని దాసిన. సమాధిల ఎవరు చూస్తరు అనుకున్న.”

“తియ్యక తప్పదు పెద్దాయనా. తియ్యకుంటె బాలమణమ్మ నీ మడిలనే పండుకుంటది. రేపు ఇంకొకరొస్తరు. ఆపే హక్కు నీకుండది, నాకుండది.”

వీరయ్య గారు దిగారు. అయిదుగురి ముందు ఆయనే గుతపకర్ర సందులో దూర్చి బండ పక్కకు జరిపారు. నలభై మంది తొంగి చూశారు. చంద్రకాంత్ గారు అక్కడే రాసిన పంచనామా నకలు మన కార్యాలయంలో భద్రంగా ఉంది: ‘సమాధి పొడవు ఏడున్నర అడుగులు, వెడల్పు నాలుగు అడుగులు. లోపల మానవ శరీరం గానీ, అవశేషములు గానీ లేవు. యూరియా బస్తాలు ఏడు గలవు. అందులో ఒకటి విప్పి ఉన్నది.’

అందరికన్నా ముందు పరమేశ్ అరిచాడు.

“తాతా! మూడు దినాలు సొసైటీ కాడ లైన్ల నిలవడ్డ. నా చెప్పులు గూడ పోయినయి. నీ ఇంటికొచ్చి ఒక్క బస్తా బదులియ్యే అంటె, గింజ లేదని ఒట్టు వెట్టుకుంటివి గద!”

“ఇంట్ల లేవన్న. ఇంట్ల లేకుండె!”

“నాకు గూడ చెప్పలే” అంది ఆగమ్మ. ఆమెకు బస్తాల కన్నా ఆ మాటే ఎక్కువ కష్టంగా ఉంది. “ఎరువు కోసం నేను రెండు దినాలు ఎండల నిలవడ్డ. ఎవడు నిలవెట్టిండు? గీయనే!”

గట్టు మీద లొల్లి లేచింది. బస్తాలు బయటికి తీయాలని కొందరు, పంచాలని కొందరు, ఫొటో తీయాలని కొందరు. అప్పుడు ట్రాలీ మీద నుంచి యశోద దిగింది. ఆమె గొంతు పెద్దగా లేదు.

“మీ యూరియా పంచాయితి రేపు వెట్టుకోండ్రి. మా అమ్మ పొద్దటి సంది ఎండల ఉన్నది.”

ఫొటోల కోసం తీసిన ఫోన్లు జేబుల్లోకి పోయాయి. యశోద చంద్రకాంత్ గారి వైపు తిరిగింది.

“సార్, నాకు గీ పొలం అద్దు. గిక్కడికి నేను తెమ్మనలే. మా నాయినను రాళ్లకుంటల పెట్టినం. నన్ను ఆయన పక్కనే వెట్టుండ్రి అని అమ్మ నా చెయ్యి వట్టుకొని చెప్పింది. మీ ఆఫీసుకు మనిషిని తోలితె, అది మూసేసినం, గీ నంబర్‌కు పోండ్రి అన్నరు. మీరు రాసిందే. ఇప్పుడు ఇది గాదంటున్నరు. అది మూసినమంటున్నరు. నా తల్లిని ఎత్తుకొని నేను ఏడికి పోవాలె?”

ముప్పై ఆరేళ్ల సర్వీసులో చంద్రకాంత్ గారు తల దించుకోవడం నేను చూసింది అదొక్కసారే. పొద్దు గూకేలోగా ఆ తల్లిని మట్టి చేయాలి. ఆమె ఆఖరి కోరిక మూడో కాలమ్‌లో మూసి ఉంది. ఆమెకు దొరికిన మొదటి కాలమ్ అబద్ధం. ఆ అబద్ధం రాసిన చేయి ఆయనదే.

“మీ నాయిన ఎప్పుడు పోయిండమ్మా?”

“తొంభై నాలుగుల సార్. ఏ జాగనో ఇప్పుడు ఎవరికి ఎరుక లేదు. అంత కంప పెరిగింది.”

“నాకు ఎరుక. తొంభై నాలుగు పుస్తకం నేనే రాసిన.”

మూసివేసిన శ్మశానంలో కొత్తవాళ్లను పెట్టరాదన్న నియమానికి ఒక చిన్న మినహాయింపు ఉంది. అక్కడ ఇదివరకే ఉన్న వ్యక్తి భార్యనో, భర్తనో ఆ సమాధి పక్కన పెట్టుకోవడానికి అధికారి ప్రత్యేకంగా అనుమతించవచ్చు. రెండు షరతులు. పాత సమాధి ఎక్కడుందో రికార్డులో ఉండాలి. ఏ కారణంతో మూశారో ఆ కారణానికి అడ్డు రాకూడదు. రాళ్లకుంటను మూసింది పక్కనున్న తాగునీటి బోరు వల్ల. అంటే దూరం కొలవాలి. అప్పుడు సమయం ఒంటిగంటన్నర.

ఆ తరువాతి మూడు గంటల్లో మా బండి ఎంత వేగంగా పోయిందో ఈ సంచికలో రాయడం మంచిది కాదు. కార్యాలయంలో అటక మీద నుంచి 1994 పుస్తకం దించాం. అందులో చంద్రకాంత్ గారి దస్తూరీ: ‘రాళ్లకుంట, మూడో వరుస, తూర్పు నుంచి ఏడోది.’ అక్కడి నుంచి రాళ్లకుంట. మహేష్ గొడ్డలితో కంప కొట్టాడు, నేను టేపు పట్టుకున్నాను, చంద్రకాంత్ గారు ముళ్లలో మోకాళ్ల మీద కూర్చుని వరుసలు లెక్కపెట్టారు. ఏడో సమాధి దొరికింది. బోరు నుంచి ఉండవలసిన దూరం కన్నా పదకొండు అడుగులు ఎక్కువే ఉంది. నమ్మకం చాలక మళ్లీ కొలిచారు. మళ్లీ పదకొండే. అక్కడి నుంచి కలెక్టరేట్. మన అధికారి నిర్మలమ్మ గారు మీటింగులో ఉన్నారు. లోపలికి పోనివ్వనన్న జవానుతో చంద్రకాంత్ గారు, “తమ్మీ, మీటింగు రేపు గూడ ఉంటది. గా తల్లికి రేపు లేదు” అన్నారు. జవాను తలుపు తెరిచాడు.

నిర్మలమ్మ గారు బయటికి వచ్చి కాగితం చదివారు. చంద్రకాంత్ గారి చొక్కా వైపు, మోచేతుల మీది రక్తపు గీతల వైపు చూశారు.

“స్థలం ఎవరు చూసిండ్రు?”

“నేనే మేడం. ఈసారి దిగి చూసిన.”

ఆమె గోడకు ఆనించి సంతకం పెట్టారు. నాలుగు గంటల నలభై నిమిషాలు.

అయిదుంబావుకు బాలమణమ్మ గారు మూడో వరుసలో, ముప్పై ఒక్క ఏళ్ల తరువాత, తన భర్త పక్కన చేరారు. యశోద మొదటి పిడికెడు మట్టి వేసింది. రెండో పిడికెడు వేసింది ఎవరో కాదు, వీరయ్య గారు. గట్టు మీది గొడవంతా మరిచిపోయి పరమేశ్ ఆయనకు చేయి అందించి గట్టెక్కించాడు. ఆ సాయంత్రం ట్రాలీ కాలనీకి హవేలిఘనపూర్ రోడ్డు మీదుగా, వీరయ్య గారి పొలం దగ్గర ఆగి, తిరిగి పోయిందనీ, పోయేటప్పుడు ఖాళీగా లేదనీ విన్నాను. ఆ సంగతి పంచనామాలో లేదు కనుక దాని మీద నేనేమీ రాయలేను.

మర్నాడు ఉదయం చంద్రకాంత్ గారు వీరయ్య గారి పొలాన్ని రిజిస్టరు నుంచి కొట్టివేసి, ఎదురుగా ‘వ్యవసాయ భూమి, అందులో ఎరువులు నిల్వ చేయు నిర్మాణం ఒకటి’ అని రాశారు. తరువాత తన మీద తానే ఫిర్యాదు పెట్టుకున్నారు. స్థలంలో అడుగు పెట్టకుండా నమోదు చేసినందుకు తనకు మెమో ఇవ్వాలని. మెమోలు తయారు చేసే విభాగానికి సూపరింటెండెంటు ఆయనే కనుక, మెమో ఆయనే రాశారు. నిర్మలమ్మ గారు సంతకం చేశాక తానే అందుకుని, సంజాయిషీ తానే రాసి, ఆ సంజాయిషీ ‘సంతృప్తికరముగా లేదు’ అని తానే నోటు పెట్టారు. మేడం ఆ ఫైలు చూసి, “చంద్రకాంత్ గారూ, వాదించే మనిషి గూడ మీరేనా?” అని అడిగారట. హెచ్చరికతో వదిలిపెట్టారు. ముప్పై ఆరేళ్ల సర్వీసు రిజిస్టరులో ఉన్న ఒకే ఒక్క హెచ్చరిక అది. మిగతా పేజీలన్నీ ఎంత తెల్లగా ఉన్నాయంటే, తిప్పుతుంటే మనకే సిగ్గనిపిస్తుంది.

వీరయ్య గారు మాత్రం ఊరుకోలేదు. వారం తిరక్కుండా ఆఫీసుకు వచ్చి చంద్రకాంత్ గారి ఎదుట కూర్చున్నారు.

“సార్, నేను సచ్చినంక గా సమాధిల నన్ను వెట్టొచ్చునా, వెట్టొద్దా?”

“లైసెన్సు లేకుంటే పెట్టరాదు. రెండో కాలమ్ కింద దరఖాస్తు చేసుకో.”

“ఒక్కనికి గూడ లైసెన్సేనా?”

“ఒక్కనికైనా, వందమందికైనా.”

“మరి మా ముసల్దానికి గూడ పెట్టుండ్రి.”

వెంట వచ్చిన ఆగమ్మ అడ్డుపడింది. “నాకద్దు సార్! దాంట్ల యూరియా కంపు.”

దరఖాస్తు నమోదైంది. పొలం కొలతలు చంద్రకాంత్ గారు స్వయంగా తీసుకున్నారు, ఈసారి మడిలోకి దిగి. బావి దూరం, ఆరోగ్య శాఖ అభిప్రాయం, పక్క రైతుల అంగీకారం, అభ్యంతరాల కోసం ప్రకటన. ఒక్కొక్కటిగా ఫైలు కదులుతోంది. ఏడు నెలలయింది. ప్రతి నెలా మొదటి సోమవారం వీరయ్య గారు వచ్చి ‘యాడిదాక వచ్చింది’ అని అడగడం, చంద్రకాంత్ గారు లేచి కుర్చీ వేయడం మన కార్యాలయంలో ఆనవాయితీ అయింది.

ఈ నెల వచ్చినప్పుడు, చంద్రకాంత్ గారు దిగిపోతున్నారని ఎవరో చెప్పారు. పెద్దాయన ముఖం మాడిపోయింది.

“గట్లెట్ల పోతవు సారూ? నా ఫైలు నీకు తప్ప ఎవరికి సమజ్ గాదు. ఇగ జూడు, నా లైసెన్సు వచ్చేదాక నేను సావ. అప్పటిదాక నువ్వు గూడ గట్టిగుండాలె. నడువు, తిను, దవాఖాన మొఖం చూడకు. మాటియ్యి.”

చంద్రకాంత్ గారు ఆ పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని మాటిచ్చారు.

ఆ ఫైలు ప్రస్తుతం మూడో విభాగంలో ఉంది. ఇంకా నాలుగు విభాగాలు తిరగాలి, రెండు శాఖల జవాబులు రావాలి, వచ్చిన జవాబుల్లో ఒకటి తప్పు చిరునామాకు పోయిందని నిన్ననే తెలిసింది. మన కార్యాలయంలో ఫైళ్లు నడిచే తీరు లోపలి నుంచి ఎరిగినవాళ్లం కనుక, శ్రీ చంద్రకాంత్ గారికీ, వారి మాట మీద బతుకుతున్న శ్రీ వీరయ్య గారికీ సంపూర్ణ ఆరోగ్యంతో కూడిన నిండు నూరేళ్ల ఆయుష్షు ఖాయమని సహోద్యోగులందరి పక్షాన గట్టి నమ్మకంతో ప్రకటిస్తున్నాం. అవసరమైతే మరికొన్నేళ్లు పొడిగించేందుకు మా వంతు కృషి లోపం లేకుండా చేస్తామని శ్రీమతి అరుణ గారికి హామీ ఇస్తున్నాం.

రఘుపతి
సీనియర్ అసిస్టెంటు